నలభై అడుగుల వాటం

రెండో బకెట్టు కూడా నేలమాళిగలోని పంపు గుంటలో కుమ్మరించి, వెర్లిన్ రెకర్ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. నీళ్ళు లేచాయి, ఫ్లోట్ తేలింది, పంపు గుర్రుమంటూ తిరిగి నీళ్ళను గోడ అవతలికి తోసేసింది. పంపులో ఏ లోపమూ లేదు. లోపమంతా ఇంటాయనలో ఉంది. ఆ సంగతి వాకిట్లో వ్యాను ఆపినప్పుడే అతనికి తెలిసిపోయింది. గోడలోంచి బయటికొచ్చిన తెల్ల గొట్టం జానెడు దూరంలోనే ఆగిపోయి నీళ్ళను పునాది పక్కనే కక్కుతోంది. దానికి తగిలించి ఉండాల్సిన పదడుగుల గొట్టం గరాజు గోడకి ఆనించి ఉంది. దాని మూతికి సాలీడు గూడు కట్టింది.

"మూడు నిమిషాలకోసారి తిరుగుతోందండీ," అన్నాడు ఇంటాయన, మేజోళ్ళు తడవకుండా ఆఖరి మెట్టు మీదే నిలబడి. కొత్తగా కాపురం పెట్టినవాడు. "ఇంకా పెద్ద పంపు వేయిస్తే నయమంటారా?"

"పెద్దది వేయిస్తే ఇంకా జోరుగా పోసుకుంటావు. బయట ఆ గొట్టం ఎవరు ఊడదీశారు?"

"నేనే. గడ్డి కోసే మిషనుకి అడ్డమొస్తోందని."

"ఎప్పుడు?"

ఇంటాయన పైకప్పు వైపు చూసి ఆలోచించాడు. "జూన్‌లో అనుకుంటా."

"ఇది మార్చి."

"మళ్ళీ పెడదామనే అనుకున్నానండీ."

"నువ్వు బయటికి తోడే నీళ్ళూ, నీ ఇంట్లోకొచ్చే నీళ్ళూ ఒకటేరా నాయనా! పోస్తున్నావు, అక్కడే ఇంకుతున్నాయి, గోడ దిగి మళ్ళీ గుంటలోకే వస్తున్నాయి. తొమ్మిది నెలల్నుంచి అవే నీళ్ళు. నీ పంపుకి నోరుంటే నిన్ను బండబూతులు తిట్టేది. ఇంటికి దూరంగా తీసుకెళ్ళి వదలాలి, అదీ పల్లానికి. ఇందులో చదువుకోవాల్సిందేముంది?"

ఇంటాయన ముఖం ఎర్రబడింది. వెర్లిన్ పట్టించుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. ఒహాయోలో ఈ మూల నేల ఒకప్పుడు చిత్తడి అడవి. ముత్తాతలు నడుములు విరిగేలా కాలవలు తవ్వి, నేల కింద ఎర్రమట్టి గొట్టాలు పరిచి, దీన్ని ఎండగట్టారు. వాళ్ళ మునిమనవలు గడ్డి సాపుగా కనబడాలని గొట్టాలు ఊడదీసి గరాజులో పెట్టుకుంటున్నారు. ఈ మాట తలుచుకుంటే చాలు, అతనికి చెవులు వేడెక్కుతాయి. కంపెనీ వాళ్ళకి అతని నోటి మీద ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. పని మీద మాత్రం ఒక్కటీ రాలేదు కాబట్టి ఉంచుకున్నారు.

మనిషి పొట్టి, వెడల్పు. అరవయ్యారేళ్ళు. మోకాళ్ళకి తోలు బిళ్ళలు కట్టుకుని తిరిగి తిరిగి, అవి విప్పినా అలాగే కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తాడు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి నల్లగా మందంగా పెరిగింది. గొట్టం అతనే తగిలించాడు, మర బిగించాడు, దాని కొస కింద రాతి పలక పెట్టాడు. "కోస్తే దీని చుట్టూ కొయ్యి," అని చెప్పి వ్యానెక్కాడు.

ఎక్కగానే ఆఫీసు నుంచి కెండ్రా ఫోను.

"మధ్యాహ్నం ఇంకో పనుందండీ వెర్లిన్ గారూ. బేస్‌మెంటులో నీళ్ళు, గోడ లోపలికి ఉబ్బిందట. మీరే రావాలని ఒకటే పట్టు. పేరు రెకర్. మీ చుట్టాలా?"

"అడ్రసు చెప్పు."

చెప్పింది. అతని ఇంటి నంబరు తర్వాతి నంబరే.

"చుట్టాలేం కాదు," అన్నాడు వెర్లిన్. "మా అన్న."

కెండ్రా ఏదో అనబోయింది. అతను ఫోను పెట్టేశాడు.

ధాన్యం గోదాముల పక్కన వ్యాను ఆపుకుని రొట్టె విప్పాడు. ఈస్టర్ ముందటి ఉపవాస దినాల్లో శుక్రవారం, మాంసం తినకూడదు. అందులో గుడ్డు ముద్ద పెట్టి తెచ్చుకున్నాడు. రెండు ముక్కలు నమిలి, రొట్టె ఒళ్ళో పెట్టేశాడు. పక్కింటివాణ్ణి పిలవడానికి ఇరవై మైళ్ళ అవతలి ఆఫీసుకి ఫోను చేస్తాడా! కంచె దగ్గర నిలబడి కేకేస్తే వినబడే మనిషికి!

వినబడినా వెళ్ళేవాడు కాదు, అది వేరే సంగతి.

రెండిళ్ళూ నాన్న పొలం అంచున, రోడ్డు పక్కన కట్టుకున్నవే. తాత వేసిన మట్టి గొట్టాల వరస రెండు పెరళ్ళ కిందుగా పోయి రోడ్డు కాలవలో కలిసేది. అడుగు పొడుగు గొట్టాలు, మూతికి మూతి ఆనించి పేర్చినవి. అవి ఉన్నంతకాలం రెండు నేలమాళిగలూ పొడిగా ఉండేవి. పదకొండేళ్ళ కిందట, మే నెలలో, నార్బర్ట్‌కి ఇంటి ముందు జెండా కర్ర పాతుకోవాలని బుద్ధి పుట్టింది. "అక్కడ తవ్వకురా అన్నా, గొట్టం ఉంది," అని వెర్లిన్ కంచె మీంచి చెప్పాడు. "ఎక్కడుందో నాకు తెలుసులే. నీకంటే ఐదేళ్ళు ముందు పుట్టాను," అన్నాడు నార్బర్ట్. మర్నాడు తమ్ముడు పనికి పోయాక తవ్వాడు, కర్ర నిలబెట్టాడు, గోతినిండా సిమెంటు పోశాడు. శరదృతువు వానలకి రెండిళ్ళలోనూ నీళ్ళు లేచాయి.

"విరగ్గొట్టావు కదూ?" అని అడిగాడు వెర్లిన్.

"నేను దేన్నీ విరగ్గొట్టలేదు," అన్నాడు అన్న.

అంతే. గొట్టం పోతే వెర్లిన్‌కి లెక్కలేదు. కొత్తది వేయడం అతనికి రెండు రోజుల పని. అతనికి కావలసింది ఒక్క మాట: విరగ్గొట్టాను. ఆ మాట రాలేదు. వారం చూశాడు, నెల చూశాడు. అప్పుడు తన ఇంటి పంపు గొట్టాన్ని గోడ దగ్గరే కోసేసి, దాని మూతి అన్న ఇంటి వైపు తిప్పాడు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. అన్న ఇల్లే పల్లం. ఊరందరికీ నీళ్ళు పునాదికి దూరంగా వదలమని కేకలు వేసే మనిషి, తన నీళ్ళను పదకొండేళ్ళుగా తోడబుట్టినవాడి పునాదిలోకి వదులుతున్నాడు.

అతని భార్య ఆర్లీన్ ఐదేళ్ళు చూసింది. "నిన్ను కట్టుకున్నాను గానీ నీ పంతాన్ని కట్టుకోలేదు," అని చెప్పి, లైమాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది. చర్చి హాల్లో శుక్రవారం చేపల విందుకి అన్నదమ్ములిద్దరూ వెళ్తారు. ఒకడు తలుపు దగ్గర బల్ల మీద, ఒకడు వంటింటి దగ్గర బల్ల మీద. ఊరు దీనికి అలవాటు పడిపోయింది.

రొట్టె మిగిలింది కాగితంలో చుట్టి పారేసి, వ్యాను స్టార్టు చేశాడు.

తలుపు రోజెలిన్ తీసింది. నార్బర్ట్ భార్య, సన్నగా పొడుగ్గా ఉంటుంది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"రా వెర్లిన్. బూట్లు విప్పక్కర్లేదు. కింద ఎలాగూ నీళ్ళే."

నార్బర్ట్ వంటింటి కిటికీ దగ్గర వాలు కుర్చీలో ఉన్నాడు. ముక్కుకి సన్నని గొట్టం, కుర్చీ పక్కన ఊపిరి అందించే యంత్రం. ఒకప్పుడు రెండు గోధుమ బస్తాలు రెండు చంకల్లో పెట్టుకుని నడిచిన మనిషి. ఇప్పుడు ఒంటిమీద స్వెట్టరు కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. మనిషి ఇలా అయ్యాడని వెర్లిన్‌కి తెలియదు. చేపల విందుకి అన్న రాని శుక్రవారాలు చలికాలమంతా ఉన్నాయి. మనసులో సంతోషించాడే గాని ఎందుకు రావడంలేదని ఎవర్నీ అడగలేదు.

"కంపెనీ మనిషి వచ్చాడా?" అన్నాడు నార్బర్ట్ భార్యతో.

"వచ్చాడు."

"ఎంత దూరం నుంచి వచ్చాడట?"

"చాలా దూరం నుంచే," అన్నాడు వెర్లిన్, మెట్లు దిగుతూ.

కింద దీపం వేసి చూసేసరికి కాళ్ళు ఆగిపోయాయి. తన ఇంటి వైపున్న గోడ మధ్యలో రెండంగుళాలు లోపలికి ఉబ్బింది. గోడ పొడుగునా అడ్డంగా పగులు. ఐదు ఇనుప స్తంభాలు దాన్ని నిలబెట్టి ఉంచాయి. మోకాలెత్తు వరకూ నల్లటి బూజు. గాలి తడిగుడ్డ మూట విప్పినట్టు కొట్టింది. చీలమండల లోతు నీళ్ళలో నడిచి గుంట దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళ మీద నీలంగా నురుగు తేలుతోంది. వంగి వాసన చూశాడు.

తన బట్టల సబ్బు. అతని ఇంట్లో బట్టలుతికిన నీళ్ళు కూడా పంపు గుంటలోకే పోతాయి. అతను గురువారం రాత్రి ఉతుకుతాడు.

తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడ్డాడు. సిగ్గుపడాల్సిన చోట అతనికి కోపం వచ్చింది. అతనికి తెలిసిన దారి అదొక్కటే. ఇంత జరుగుతుంటే నోరెత్తడేం? వచ్చి తిట్టడేం? కోర్టుకి లాగడేం? ఐదు స్తంభాలు పెట్టించుకున్నవాడు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా, ఆ ఒక్క మాట!

మెట్లెక్కి వచ్చాడు.

"ఏమంటాడు కంపెనీ మనిషి?" అన్నాడు నార్బర్ట్.

"నీళ్ళు పైనుంచి వస్తున్నాయి. పక్కింటి పంపు నీళ్ళు."

"నురుగు చూశావా?"

"చూశాను."

"ప్రతి శుక్రవారం ఇంతే." నార్బర్ట్ దగ్గాడు, దగ్గు తీరేదాకా చెయ్యెత్తి ఆగమన్నాడు. "సబ్బు మార్చరా. ఆ వాసన నాకు పడదు."

"పదకొండేళ్ళు నోట్లో ఏం పెట్టుకు కూర్చున్నావు నువ్వు? ఒక్క మాట చెబితే ఆ రోజే..."

"ఏం మాట?"

"ఏం మాటో నీకు తెలుసు."

నార్బర్ట్ కిటికీలోంచి బయటికి చూశాడు. "డాక్టరు ఈ చెమ్మలో ఉండొద్దంటాడు. నాకు ఉండే రోజులే లేనప్పుడు ఎక్కడుంటే ఏం? కానీ నా వెనక రోజెలిన్ ఇక్కడే ఉండాలి. గోడ కూలితే దానికి ఇల్లు లేదు. నీ గొట్టం మళ్ళించు."

"అడుగుతున్నావా?"

"నిన్నెవడు అడిగాడు? కంపెనీకి ఫోను చేశాను. పని చేసి పో."

"నీ నోట్లోంచి చచ్చినా రాదు కదా!"

"వెర్లిన్," అంది రోజెలిన్ మెల్లగా. "ఆయనకి ఆయాసం వస్తోంది."

"నాకు రావట్లేదా వదినా ఆయాసం!" అని వెర్లిన్ తలుపు విసురుగా వేసి బయటికి నడిచాడు.

తన పెరట్లోకి వెళ్ళి మేకులు పాతాడు, తాడు లాగాడు. గోడ నుంచి రోడ్డు కాలవ దాకా నలభై అడుగులు. పదడుగులకి రెండున్నర అంగుళాల వాటం ఉండాలి. తగ్గితే నీళ్ళు గొట్టంలో నిలిచి చలికి గడ్డకడతాయి. సన్నపార తీసి మొదటి పోటు పొడిచాడు. మంచు కరిగిన బంకమన్ను పారని వదలదు. ప్రతి పోటుకీ బూటుతో తన్ని రాల్చాలి. తన్నాడు. పొడిచాడు. తన్నాడు. ఒక్కో పోటుకి ఒక్కో తిట్టు. అన్నని తిట్టాడు, జెండా కర్రని తిట్టాడు, సిమెంటు కనిపెట్టినవాణ్ణి తిట్టాడు. రెండు రోజుల పనిని పదకొండేళ్ళు వాయిదా వేసిన పెద్దమనిషిని కూడా తిట్టాడు, పేరు మాత్రం పెట్టలేదు.

పదిహేను అడుగులు అయ్యేసరికి టక్ టక్ మని చప్పుడు. తలెత్తాడు. కంచె అవతల వంటింటి కిటికీ అద్దం వెనక నార్బర్ట్, బొటనవేలు కిందకి చూపిస్తున్నాడు. వాటం చాల్లేదట. వెర్లిన్ విసుక్కుంటూ కొలబద్ద పెట్టి చూశాడు. అర అంగుళం తక్కువ. నిజమే. అంత దూరం నుంచి, అద్దంలోంచి! ఇద్దరికీ పని నేర్పింది నాన్నే. ఎదుటివాడి తప్పు చూడటం మాత్రం వీడికే బాగా వచ్చింది. పళ్ళు కొరుక్కుంటూ లోతు చేశాడు.

కాసేపటికి మళ్ళీ టక్ టక్. ఈసారి చెయ్యి ఎడమకి ఊపుతున్నాడు. మేపుల్ చెట్టు వేళ్ళున్నాయి, పక్కకి జరుగు అని. వెర్లిన్ ఒక మూర జరిపాడు.

"నాకు తెలుసులేవయ్యా!" అని అరిచాడు, వినబడదని తెలిసే.

ఇరవయ్యారో అడుగు దగ్గర నడుం పట్టేసింది. పారకి ఆనుకుని నిలబడ్డాడు. మళ్ళీ చప్పుడు మొదలైంది. ఈసారి రెండు దెబ్బలు కాదు, ఆగకుండా, టక్ టక్ టక్ టక్ మని. వెర్లిన్‌కి ఒంట్లో ఉన్న రక్తమంతా తలకెక్కింది.

"విరగ్గొట్టింది నువ్వు!" అని గొంతు చించుకున్నాడు. "ముందు ఆ ముక్క చెప్పు! తర్వాత వంకలు పెడుదువుగాని!"

అని వీపు తిప్పేశాడు. చప్పుడు ఆగలేదు. ఇంకా గట్టిగా వచ్చింది, తర్వాత నెమ్మదిగా వచ్చింది. అతను తలెత్తలేదు. కొట్టుకో, అద్దం పగలగొట్టుకో, నేను చూస్తే ఒట్టు అనుకుంటూ పొడిచాడు. ఎప్పుడో చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడాగిందో అతను గమనించలేదు.

పొద్దు వాలే వేళకి గాడి కాలవ చేరింది. అడుగున ఇసుక పోసి, గొట్టాలు పరిచి, అతుకులు వేశాడు. కాలవలోకి తెరుచుకునే కొసకి కప్పలూ ఎలుకలూ దూరకుండా ఇనుప జల్లెడ బిగించాడు. గోడ దగ్గర ఒక చిన్న సందు ఉంచాడు. చివర గడ్డకట్టినా నీళ్ళు వెనక్కి తన్నకుండా అక్కడ బయటపడతాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంత శ్రద్ధగా ఏ ఇంటికీ చేయలేదు. లోపలికి పోయి తన గుంటలో రెండు బకెట్లు కుమ్మరించి, పరుగులాంటి నడకతో కాలవ దగ్గరికి వచ్చాడు. గొట్టం ఒకసారి తుమ్మి, నీళ్ళు వదిలింది. కాలవలోకి, రోడ్డు వెంట, రెండిళ్ళకీ దూరంగా పోతున్నాయి. గడ్డి మీద చుక్క లేదు.

ఇప్పుడు చూడరా, ఇప్పుడు వంక పెట్టు చూద్దాం, అని కిటికీ వైపు తిరిగాడు. నార్బర్ట్ తల కుర్చీకి ఒక పక్కగా వాలి ఉంది. నిద్రపోయాడు. బాగా చేశావని చెప్పాల్సి వస్తుందని సరిగ్గా ఇప్పుడే నిద్రపోయాడు! వెర్లిన్‌కి మళ్ళీ మండింది. మన్ను పూడ్చడం మొదలుపెట్టాడు.

సగం పూడ్చేసరికి రోజెలిన్ బయటికొచ్చింది. కోటు వేసుకోలేదు. గడ్డి మీదుగా కంచె దాకా నడిచి వచ్చి నిలబడింది.

"వెర్లిన్. పార కింద పెట్టు."

"ఇంకో పదిహేను అడుగులుంది వదినా."

"పెట్టు నాయనా."

ఆమె ముఖం చూశాడు. పార కింద పెట్టాడు.

వంటింట్లో యంత్రం ఆపేసి ఉంది. ఆ చప్పుడు లేకపోయేసరికి గది పెద్దదైనట్టు అనిపించింది. నార్బర్ట్ కళ్ళు మూసి ఉన్నాయి. రోజెలిన్ మూసింది కాబోలు. వెర్లిన్ బురద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కలకి వేలాడేసి నిలబడ్డాడు.

"ఎప్పుడు?"

"ఎప్పుడో నాకూ తెలీదు. నిద్రపోయాడనుకున్నాను, ఇప్పుడు కాఫీ కలిపి లేపబోతే లేవలేదు. అంతకుముందు దాకా అద్దం కొడుతూనే ఉన్నాడుగా."

"విన్నాను. మళ్ళీ ఏదో వంక పెడుతున్నాడనుకున్నాను."

"వంక కాదు. నీకు చూపించాలని. పొద్దున్నే సొరుగు అడుగు నుంచి తీయించుకున్నాడు. కంపెనీకి ఫోను చేసిందీ అందుకే. నేను తలుపు తీసి నిన్ను పిలుస్తానన్నా వద్దన్నాడు. 'వాడే తలెత్తి చూస్తాడులే, చూస్తే చాలు, నేను చెప్పక్కర్లేదు,' అన్నాడు." ఆమె గొంతు గట్టిగా మారింది. మరిది ముఖంలోకి సూటిగా చూసింది. "ఇద్దరూ ఇద్దరే. మీ నాన్న ఇద్దర్నీ చిన్నప్పుడే ఒక గదిలో పెట్టి తన్ని ఉండాల్సింది."

వెర్లిన్ అప్పుడు కిటికీ వైపు చూశాడు. పదకొండేళ్ళ కోపం ఒక్కసారిగా చేతుల్లోకి వచ్చింది. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఇప్పుడా చూపించేది? గొంతు పెగిలి ఉన్నన్నాళ్ళూ సొరుగులో దాచుకుని, ఇప్పుడా? కుర్చీ పట్టుకుని ఊపి లేపి అడగాలనిపించింది. అన్నని అడగాలో, వీపు తిప్పుకున్న తనని తాను అడగాలో తేలలేదు. ఎదురుగా ఉన్న ముక్కాలి పీట మీద కూలబడ్డాడు.

రోజెలిన్ చర్చి ఫాదర్‌కి ఫోను చేయడానికి పక్క గదిలోకి వెళ్ళింది. కింద నేలమాళిగలో పంపు ఒకసారి తిరిగి ఆగింది. చాలాసేపు మళ్ళీ తిరగలేదు.

అద్దం మీద నార్బర్ట్ చెయ్యి అందినంత మేర ఎర్రమట్టి గీతలున్నాయి. వాటి కింద కిటికీ చెక్క మీద అరచేయంత మట్టి గొట్టం పెంకు ఉంది, తాత పరిచిన గొట్టం వంపుతో, ఒక అంచుకి గట్టిపడిన జెండా కర్ర గోతి సిమెంటుతో.